ఎక్స్-ప్లేన్‌కి (కంప్యూటర్‌లో విమానాలు నడిపే సిమ్యులేటర్‌కి) అదనంగా ఏమీ వేయని రెండో క్లీన్ కాపీ పెట్టుకున్నవాళ్లు ఉన్నారా?

మల్కాజిగిరి_737: శంషాబాద్‌లో రన్‌వేలు ఉన్నాయి, టెర్మినల్ మాయం. 09ఆర్ రన్‌వే పక్కన ఖాళీ మైదానం! ఎక్స్-ప్లేన్ 12 మొత్తం తీసేసి మళ్లీ వేయాలా? నాలుగేళ్లుగా పోగేసిన యాడాన్లు (అదనపు విమానాలు, సీనరీలు) పోతాయని టెన్షన్‌గా ఉంది.

బేగంపేట_పాతకాపు: తీయకు తమ్ముడూ. ఇన్‌స్టాలర్‌తో వేరే ఫోల్డర్‌లో ఇంకో కాపీ దించుకో. ఒకే కంప్యూటర్‌లో రెండున్నా ఏమీ కాదు, అదే లైసెన్సు సరిపోతుంది. దానికి కావాల్సినవన్నీ దాని ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి ఒకదాని జోలికి ఇంకొకటి రాదు. మ్యాప్‌లో మన ప్రాంతం ఒక్కటే టిక్ చేస్తే చాలు, ప్రపంచమంతా ఎందుకు? పాత ఫోల్డర్‌ని మాత్రం కాపీ కొట్టకు, చెత్తంతా దాంతోపాటే వస్తుంది.

రాత్రి_ల్యాండింగ్: నాది ఎంఎస్‌ఎఫ్‌ఎస్, అదే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్. రెండు కాపీలు పెట్టుకోవడం కుదరక, అనుమానం వచ్చినప్పుడల్లా యాడాన్లుండే కమ్యూనిటీ ఫోల్డర్ పేరు మార్చి ఖాళీది పెడతాను. పని జరుగుతుంది కానీ, ప్రతిసారీ ఇల్లు ఖాళీ చేసి మళ్లీ సర్దుకున్నట్టే.

మల్కాజిగిరి_737: వేశాను అన్నా. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న పాత ఎస్‌ఎస్‌డీ ఇన్నాళ్లకి పనికొచ్చింది. కొత్త కాపీలో టెర్మినల్ నిక్షేపంలా ఉంది! జాయ్‌స్టిక్ సెట్టింగులే మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది.

బేగంపేట_పాతకాపు: అవుట్‌పుట్‌లో ప్రిఫరెన్సెస్, అందులో కంట్రోల్ ప్రొఫైల్స్. ఆ ఒక్క ఫోల్డర్ తెచ్చుకుంటే సరిపోయేది. మిగతా ప్రిఫరెన్సెస్ తేవద్దు. సిమ్ బాగానే ఉందని తేలింది కదా, ఇక దొంగ పాత కాపీలో, నువ్వు వేసిన సీనరీలుండే కస్టమ్ సీనరీ ఫోల్డర్‌లోనే ఉన్నాడు. సగం ఫోల్డర్లు బయటపెట్టి చూడు. టెర్మినల్ వస్తే బయటపెట్టిన సగంలో, రాకపోతే లోపల ఉన్న సగంలో.

మల్కాజిగిరి_737: దొరికింది! కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. హైదరాబాద్ శాటిలైట్ ఫొటో టైల్, +17+078 (అక్షాంశం, రేఖాంశం). మొన్న ఆదివారం నేనే వేశాను.

బేగంపేట_పాతకాపు: అనుకున్నా. కొత్తగా వేసిన ప్యాక్‌ని సిమ్, సీనరీల వరుస ఉండే సీనరీ ప్యాక్స్ ఫైల్‌లో అన్నిటికన్నా పైన రాస్తుంది. ఆ టైల్‌లో నేల మొత్తం ఉంటుంది. నేల పైకెక్కితే కింది వరుసల్లోని బిల్డింగులు కనపడవు. రన్‌వేలు వేరే ఫైల్ నుంచి వస్తాయి కనక మిగిలాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ లైన్‌ని అట్టడుగుకి దించు.

రాత్రి_ల్యాండింగ్: దీనికోసం అంత డౌన్‌లోడ్ అవసరమా? ముందే ఆ ఫైల్ చూస్తే సరిపోయేది.

బేగంపేట_పాతకాపు: తెలిసినవాడికి సరిపోయేది. నేను అదే సమస్యతో గ్రాఫిక్స్ డ్రైవర్ మూడుసార్లు మార్చాను బాబూ. క్లీన్ కాపీ ఉండుంటే పది నిమిషాల్లో తేలేది. నాకు దాంతో ఇంకో పని కూడా ఉంది. బీటా (ఇంకా పరీక్షలో ఉన్న వెర్షన్) వస్తే ముందు అందులోనే వేస్తాను. ప్లగిన్లు మొరాయించినా అసలు కాపీకి ఢోకా లేదు.

మల్కాజిగిరి_737: లైన్ దించాను, టెర్మినల్ వచ్చేసింది. క్లీన్ కాపీని అలాగే ఉంచుతున్నా. డెస్క్‌టాప్ మీద రెండు ఐకాన్లూ ఒకేలా ఉండి, నిన్న ఒక విమానాన్ని పొరపాటున క్లీన్ దాంట్లోనే వేసేశాను. తీసేసి, ఐకాన్ పేరు ‘ముట్టుకోవద్దు’ అని మార్చాను.

రాత్రి_ల్యాండింగ్: మా అమ్మ అటక మీద దాచే స్టీలు గిన్నెల్లా అన్నమాట 😄