అప్‌డేట్: బానెట్ మీద బుడిపెల సంగతి తేలింది

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 1:18 డైకాస్ట్ కారు (అసలు కారులో 18వ వంతు సైజులో, లోహం పోత పోసి చేసిన మోడల్) బానెట్ మీద పెయింట్ ఉబ్బుతోందని, ఇది మా అమలాపురం తేమ వల్లేనా అని మొన్న అడిగాను కదా. మీరు చెప్పినట్టే భూతద్దం పెట్టి చూశాను. డోర్ అంచున వెంట్రుకంత పగుళ్లున్నాయి, గోరు తగిలితే బూడిదరంగు పొడి రాలుతోంది. డోర్ కూడా ఇదివరకులా మూసుకోవట్లేదు, లోహమే ఉబ్బింది. అంటే జింక్ పెస్టే, జింక్ పోత లోపల్నుంచే ఉబ్బి, పగిలి పొడైపోయే జబ్బు. పోత పోసేటప్పుడు జింక్ మిశ్రమంలో సీసం లాంటి మలినాలు కలిస్తే వస్తుంది. తేమ దాన్ని తొందరపెడుతుంది గానీ అసలు లోపం తయారీలోదే. దీనికి మందు లేదు. పక్క కార్లకు అంటుకోదని తెలిశాకే నా టెన్షన్ తగ్గింది.

ఫొటోలు చూసి అమ్మినాయన సగం డబ్బు వెనక్కిచ్చారు, మంచి మనిషి.

ఇప్పుడు ఒక అంబాసిడర్ మోడల్ చూస్తున్నాను. అసలు కారు పొడవు 4.3 మీటర్లు, 1:18లో 24 సెంటీమీటర్లు రావాలి, అది కొలిచి పంపమన్నాను. డోర్ల చుట్టూ సందు అంతటా ఒకేలా ఉండాలి. హెడ్‌లైట్ మధ్యలో దాన్ని బిగించే పిన్ను కనిపించకూడదు. గ్రిల్‌కి నిజంగా రంధ్రాలు లేకుండా నల్లరంగు పూసి వదిలేస్తే మాత్రం ఎంత చవకైనా నాకొద్దు. బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్ పెట్టమన్నవారికి థ్యాంక్స్, వానాకాలం రాకముందే పెట్టేశాను.