పెద్దమ్మ బతుకు నుంచి కథ తీసుకున్నాను, తప్పు చేశానా?

కందుకూరోడు

కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

మాది కందుకూరు దగ్గర పల్లె. 2022లో మమ్మల్ని ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపినా పనిబడితే కాళ్లు ఒంగోలు బస్సు వైపే పోయేవి. ఇంట్లో మూడు తరాలుగా పొగాకు. నాకు పన్నెండేళ్లప్పుడు, జనవరి నెలలో, మా పెద్దనాయన పోయాడు. మధ్యాహ్నానికి దహనం అయిపోయింది. అప్పటికి బ్యారన్‌లో ఆకు ఎక్కించి రెండు రోజులు. ఎక్కించిన ఆకు ఎవరి చావు కోసమూ ఆగదు. ఆ రాత్రి నేను నిద్ర పట్టక బయటికొస్తే పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఒక కట్టె లోపలికి తోసేది, లేచి వెళ్లి అద్దంలోంచి థర్మామీటరు చూసేది, మళ్లీ వచ్చి కూర్చునేది. నేను చూసింది అంతే.

అది ఇరవై ఏళ్లు నా బుర్రలోంచి పోలేదు. ఈమధ్య కథ రాస్తే ఒక ఆదివారం అనుబంధంలో వేశారు. కథలో ఆమె ఏడ్చి ఏడ్చి కునుకు తీస్తుంది, వేడి ఎక్కువై ఆకంతా మాడిపోతుంది. పేర్లు మార్చాను, ఊరు మార్చాను. ఏం లాభం? మూడో రోజుకి ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. పెద్దమ్మ నాతో మాట్లాడటం మానేసింది. ఫోన్ చేస్తే మా అన్న ఎత్తి "ఇంట్లో లేదురా" అంటాడు. రాత్రి ఎనిమిదింటికి ఆమె ఎక్కడికీ పోదు.

కథలు రాసే వాళ్లు, చదివే వాళ్లు చెప్పండి. సొంతవాళ్ల బతుకులోంచి అడక్కుండా కథ తీసుకోవచ్చా? తీసుకోకూడదంటే ఇంక రాయడానికి ఏముంది?

సూళ్లూరుపేట_మిద్దె

ఏముందా? ఊహ ఉంది అన్నా! నేను రాసేవన్నీ గ్రహాల కథలు. చిన్నప్పటి నుంచి శ్రీహరికోట షార్‌లో రాకెట్ ఎగిరినప్పుడల్లా మా కిటికీ తలుపులు గడగడలాడేవి. 2023 జులై 14న చంద్రయాన్-3 పోయేటప్పుడు మా వీధి మొత్తం మిద్దెల మీదే ఉంది. ఆ పొగ గీత చెదిరిపోయేదాకా చూసి కిందికి దిగి కథ మొదలుపెట్టాను. ఏ పెద్దమ్మా నొచ్చుకోలేదు.

ఒంగోలు_బస్టాండు

నీ గ్రహాల కథ ఒకటి నేను చదివాను తమ్ముడూ. ఆ గ్రహంలో ఆడమనిషి "అన్నం చల్లారిపోతా ఉంది, ఆ మిషన్ కట్టేసి రా" అంటుంది. అది మీ అమ్మే కదా?

సూళ్లూరుపేట_మిద్దె

😄 అమ్మే. కానీ ఆమె ఆ కథ చదవలేదు.

విజయవాడ_పాఠకురాలు

బ్యారన్ అంటే ఏంటండీ? మాకు తెలియదు.

కందుకూరోడు

పొగాకు ఆకు కాల్చే ఇల్లు అక్కా. కాల్చడమంటే మంటలో వేయడం కాదు, వేడికి ఆరబెట్టడం. ఎత్తుగా ఇటుక గది కట్టి, లోపల అంతస్తులుగా వాసాలు వేసి, ఆకు కట్టిన కర్రలు వాటి మీద పేరుస్తాం. పొయ్యి బయట, గొట్టాలు లోపల. ముందు ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆరాలి, చివరికి ఈనె ఎండాలి. దాదాపు వారం. ఒక్కో దశకి ఒక్కో వేడి. ఈ వారమంతా రాత్రీ పగలూ ఎవరో ఒకరు కాచుకోవాలి.

పెన్నగట్టు

నేను నెల్లూరులో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. పాఠం అనుకోకపోతే ఒక మాట.

తిక్కన ఈ ఊళ్లో కూర్చుని విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు రాశాడు. అందులో ఒక్క కథా ఆయన సొంతం కాదు. నన్నయ ఆపిన చోట మిగిలిన అరణ్యపర్వాన్ని తర్వాత ఎర్రన పూర్తి చేశాడు, అదీ ఆయన సొంత కథ కాదు. ఇంతకీ తిక్కనని ఎందుకు చదువుతాం? మనుషులు మాట్లాడుకునే తీరు కోసం. కీచకుడి సంగతి ద్రౌపది భీముడికి చెప్పుకునే చోటు చూడండి, మన ఇళ్లలో ఒక ఆడమనిషి కోపమూ అవమానమూ కలిపి మాట్లాడినట్టే ఉంటుంది. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఎన్ని తగవులు విన్నాడో! నా ఉద్దేశంలో కథ ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు ప్రశ్నే కాదు. చెప్పే తీరు నీదైతే కథ నీదే. కాబట్టి కందుకూరు అబ్బాయి బాధపడాల్సిన పని లేదు.

ఒంగోలు_బస్టాండు

సార్, తిక్కన గారికి ఒక సౌకర్యం ఉంది. వ్యాసుడు ఫోన్ ఎత్తకపోయినా ఆయనకి నష్టం లేదు.

పెన్నగట్టు

😀 ఒప్పుకుంటున్నా.

రొయ్యలగుంట

నేను రాసేవాణ్ణి కాదు, ఇందుకూరుపేట వైపు రొయ్యలు వేస్తాను. నాలుగేళ్ల కింద ఒకాయన మా గుంటల మీద కథ రాస్తానని వచ్చి రెండు రోజులు ఉన్నాడు. మంచివాడే. మా ఇంట్లోనే తిన్నాడు. కథ వచ్చాక చదివితే ఏముంది? "ఏరియేటర్లు తిరుగుతుంటే నీళ్లలో తెల్లపూలు విచ్చుకున్నట్టుంది" అని రాశాడు. నాకు ఒళ్లు మండింది. ఎందుకో చెప్తా.

నీళ్లలోకి గాలి కొట్టే మిషన్లు అవి. రాత్రిపూట ఆ ఏరియేటర్ల మోత మాకు జోలపాట. చప్పుడుకి లేవం, చప్పుడు ఆగితే లేస్తాం. కరెంటు పోయిందా, మంచం మీద నుంచి నేరుగా జనరేటర్ కాడికి పరుగు. చెప్పులు ఉండవు, లుంగీ ఒక చేత్తో పట్టుకుని ఉంటాం. డీజిల్ ఉందో లేదో ఆ పరుగులోనే గుర్తు చేసుకోవాలి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి రొయ్య మొత్తం తేలుతుంది. మూడు నెలల పెట్టుబడి. ఆయన ఉన్న రెండు రోజులూ కరెంటు పోలేదు, అది ఆయన అదృష్టం. పూలు కనపడ్డాయి.

మా కతలు తీసుకోవద్దని నేను అనను. తీసుకుంటే సరిగ్గా తీసుకోండి. తమ్ముడూ, ఒకటి అడుగుతా. ఆ రోజు ఆకు నిజంగా మాడిందా?

కందుకూరోడు

లేదనుకుంటా అన్నా. సరిగ్గా గుర్తులేదు. కథకి ఒక ముగింపు కావాలి కదా, అందుకని పెట్టాను.

రొయ్యలగుంట

ఊఁ.

స్వర్ణాల

నాది నెల్లూరు. నేను కథలు ఎక్కడ ఏరుకుంటానో చెప్తే నవ్వుతారేమో, రొట్టెల పండగలో. తెలియని వాళ్ల కోసం: మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరిన వాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. తీసుకున్నవాళ్ల కోరిక తీరితే తర్వాత వాళ్లు తెచ్చి ఇవ్వాలి. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, పెళ్లి రొట్టె అని కేకలు వేస్తుంటారు. హిందువులు, ముస్లింలు అని లేదు, ఎవరి కోరిక వాళ్లది.

ఒకసారి ఒకామె సంతానం రొట్టె పట్టుకుని నిలబడి ఉంది, చంకలో ఆరు నెలల పాప. ఆ రొట్టె కోసం ఒక పెద్దావిడ వచ్చింది, యాభై దాటి ఉంటాయి. రొట్టె ఇచ్చే ఆమె ఒక్క క్షణం ఆగి "మీ కోడలికా అమ్మా?" అంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కూతురికా అని అడిగితే దానికీ అడ్డంగానే. ఇంక ఆమె ఏమీ అడగలేదు. రొట్టె చేతిలో పెట్టి, పాప కాలు తీసి ఆవిడ చేతికి తాకించింది. నా చీర కుచ్చిళ్లు మొత్తం తడిసిపోయాయి, నేను కదల్లేదు.

ఆవిడ ఎవరో, ఎవరి కోసమో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ తెలియకపోవడం వల్లే రాశాను. తెలిసి ఉంటే నా దగ్గర వార్త ఉండేది, కథ ఉండేది కాదు. అడగలేదు, అడగకూడదు కూడా. తీసుకున్నాం కాబట్టి బాకీ మాత్రం ఉంటుంది, రొట్టెకి ఉన్నట్టే.

దర్శి_చదువరి

పోలిక బాగుంది అక్కా. కానీ రొట్టె ఇచ్చేవాళ్లు ఇష్టపడి ఇస్తారు. కందుకూరు పెద్దమ్మ చేయి చాచి ఇచ్చింది కాదు కదా.

స్వర్ణాల

అవును. ఆ తేడా ఉంది.

అక్షరదీపం_పాత

అందరూ బతుకులోంచి కథకి పోతున్నారు. నేను ఎదురు దారి చూసినవాణ్ణి. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం రాత్రి బడులు నడిచేవి. నేను ఒక ఊళ్లో చదువు చెప్పేవాణ్ణి. లాంతరు వెలుగు, పొద్దంతా నాట్లేసి వచ్చిన ఆడవాళ్లు, సగం మంది కూర్చునే నిద్రపోయేవాళ్లు. వాచకంలో సారాకి సంసారాలు పాడవడం మీద పాఠం వచ్చిన రోజు మాత్రం ఎవరూ నిద్రపోలేదు. ఒకామె "ఇది రాసినోళ్లకి మా ఇంటి సంగతి ఎవరు చెప్పారయ్యా?" అని నన్నే నిలదీసింది.

దూబగుంటలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు, అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. ఆ పాఠం ఒక్కటే అంత చేసిందని నేను అనను, ఆ ఆడవాళ్ల కడుపుమంట ముందే ఉంది. కానీ అక్షరాల్లో కనపడేసరికి అది నా ఒక్కదాని ఇల్లు కాదని తెలిసింది.

అక్కడ ఎవరూ "మా గురించి ఎందుకు రాశావు" అని అడగలేదు, ఎందుకంటే అది అందరి కథ. కందుకూరు తమ్ముడి కథలో ఊరంతా ఒక్క ఇంటి వైపు వేలు చూపించారు. తేడా అక్కడుంది.

ఒంగోలు_బస్టాండు

బాగా చెప్పారు. అందరి కథ అంటే గుర్తొచ్చింది. గురజాడ 'కన్యాశుల్కం' తొలి ముద్రణ, 1897 నాటిది, దానికి ముందుమాట చూడండి. విజయనగరం మహారాజు తమ ప్రాంతంలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా రాయించారట. మూడేళ్లకి 1034 తేలాయి. ఆ 1034 పెళ్లిళ్లలో ఏ ఒక్కరూ "ఇది నా పెళ్లే" అని వేలు చూపించలేరు, అందరూ భుజాలు తడుముకోవచ్చు.

ఒక్కరి నుంచే తీసుకున్నా చేయొచ్చు. టాల్‌స్టాయ్ పొరుగు ఎస్టేటు యజమాని దగ్గర ఉండే ఆన్నా పిరొగోవా 1872లో రైలు కింద పడి చనిపోయింది. ఆయన వెళ్లి శవాన్ని చూశాడు. మరుసటి ఏడాది 'ఆన్నా కరెనినా' మొదలైంది. కానీ నవలలో ఆన్నా రూపురేఖలు పుష్కిన్ కూతుర్ని చూసి పెట్టినవి. చావు ఒకరిది, ముఖం ఇంకొకరిది, ఇల్లూ హోదా అంతా వేరే. కందుకూరోడు చేయని పని అదే. పేరు మార్చాడు, పొయ్యీ థర్మామీటరూ పెద్దమ్మా అలాగే ఉంచాడు. అది సోమరితనం తమ్ముడూ, కోపం తెచ్చుకోకు.

కందుకూరోడు

కోపం లేదన్నా. కానీ ఆ పొయ్యి తీసేస్తే నా దగ్గర కథే లేదు. నన్ను పట్టుకున్నదే అది.

పెన్నగట్టు

అదీ నిజమే. చిన్నప్పుడు పట్టుకున్నది వదలదు. ముందు ఊరికి వెళ్లి రా నాయనా. ఇక్కడ మేము ఎన్ని చెప్పినా ఆమె తరఫున మాట్లాడలేం.

సూళ్లూరుపేట_మిద్దె

వెళ్లేటప్పుడు చేతులూపుకుంటూ పోకు అన్నా, పెద్దావిడ కదా, ఏదైనా పట్టుకెళ్లు.

కందుకూరోడు *(తొమ్మిది రోజుల తర్వాత)*

వెళ్లొచ్చాను. మలైకాజా పట్టుకెళ్లాను. డబ్బా తీసుకుని లోపల పెట్టింది, కూర్చోమని అనలేదు. వదిన కాఫీ ఇచ్చింది. అరగంట అరుగు మీద కూర్చున్నాక పెద్దమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. "మీ పెదనాయన పోయినాడని రాశావు, సరే. రాత్రి బ్యారన్ కాడ కూర్చున్నానని రాశావు, అదీ సరే, ఊరంతా ఎరిగిందే, ఆ రోజే నాలుగు మాటలు అన్నారు. ఆకు మాడిందని ఎట్టా రాశావురా?" అంది.

నాకు నోట మాట రాలేదు.

"ముప్పై ఏళ్లు కాల్పించాను. నా చేతి మీద ఒక్క బ్యారన్ మాడలేదు. ఇప్పుడు పొలం కాడ ప్రతి ఒక్కడూ 'ఏం పెద్దమ్మా, ఆకు మాడగొట్టావంట' అని నవ్వుతుండారు. నువ్వు చదువుకున్నోడివి, ఇదేనా నాకు చేసింది?"

ఆమె బాధ అదీ! నేను ఇన్ని రోజులు అనుకున్నది ఏదీ కాదు. ఏడ్చావా పెద్దమ్మా అని అడిగా. "ఏడవలా. ఇంట్లో అందరూ ఏడుస్తుంటే ఊపిరాడక అక్కడికొచ్చా. ఆ వేడి ఒక డిగ్రీ ఎక్కనిచ్చినా ఆకు పచ్చగా బిగుసుకుపోతుంది. దాన్ని చూసుకుంటా ఉంటే ఇంకేదీ గుర్తురాదు. ఎరుపు రాకుండా నిమ్మపండు రంగులో తీశా. మీ నాయన్ని అడుగు" అంది. నాన్నని అడిగాను. నిజమే, ఆ ఏడాది ఆ బేళ్లకి మంచి రేటు పడిందట.

రొయ్యలగుంట

నేను అడిగింది అదే తమ్ముడూ.

ఒంగోలు_బస్టాండు

నువ్వు రాసిన ముగింపు కంటే ఆమె చెప్పింది పది రెట్లు పెద్ద కథ. మళ్లీ రాస్తావా?

కందుకూరోడు

రాస్తాను, అడిగాను కూడా. రాసుకో అంది. కానీ ముందు ఆ పేపరు వాళ్లకి చెప్పి "ఆకు మాడలేదు" అని వచ్చే ఆదివారం వేయించమంటోంది. కథలకి సవరణలు వేయరు పెద్దమ్మా అంటే వినడం లేదు. ఎవరికైనా ఎడిటర్లు తెలుసా?