దసరా దాకా అనవసర ఖర్చు వద్దనుకున్నాం, ఫోన్ దగ్గరే జారిపోతున్నాం

మాది విజయవాడ, పటమట. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. ఆషాఢం నుంచి దసరా దాకా కొత్త బట్టలు, బయటి తిండి బంద్ అనుకున్నాం. బట్టలు ఆగాయి. డిస్కౌంట్ బోర్డుల ముందు నుంచి తల తిప్పుకుని వచ్చేస్తున్నాను. ఫోన్‌లో ఆర్డర్లే ఆగట్లేదు. నిన్న కొత్తిమీర కట్ట కోసం యాప్ తెరిచి, ఫ్రీ డెలివరీ అంటే ఆశపడి 180 రూపాయల చిప్స్, బిస్కెట్లు కలిపాను. మా ఆయన ఏమీ అనకుండా నవ్వారు. అదే ఎక్కువ మండింది. మీరెలా ఆపారు?

జవాబు: ముందు యాప్ తీసేయండి. మీ పటమటలోనే రైతుబజారు ఉందిగా! సంచీ, 300 రూపాయల నగదు పట్టుకెళ్ళండి. ఫోన్ ఇంట్లోనే వదిలేయండి.

జవాబు: చిరుతిండి లేకపోతే పిల్లలున్న ఇంట్లో ఏ నియమమూ నిలవదు. ఆదివారం జంతికలు చేసి డబ్బాలో పోయండి. మా ఇంట్లో బుధవారానికే ఖాళీ, అది వేరే సంగతి.

అడిగినావిడ: అత్తయ్యగారు అటక మీంచి జంతికల గొట్టం దింపించారు, బిళ్ళ కనపడట్లేదు! ఇంకో డౌట్: శ్రావణ శుక్రవారం తాంబూలాల్లోకి జాకెట్ ముక్కలు కొనాలి, అదీ అనవసరమేనా?

జవాబు: కొనడం ఎందుకండీ, పోయినేడు మీకొచ్చినవి బీరువాలో చూడండి. ఎవరిచ్చినవి వాళ్ళకే వెళ్ళకుండా మాత్రం చూసుకోండి.