దేశం వదిలి వచ్చినవాళ్ళు రాసే మృతుల లెక్కను నమ్మొచ్చా?

మలక్‌పేట వాసి:
నిన్న ఆఫీసులో బర్మా ప్రస్తావన వచ్చింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కున్నాక ఎంతమంది చనిపోయారని వెతికితే, వార్తల్లో ఎక్కువగా కనబడే పేరు ఒకటే: రాజకీయ ఖైదీల సహాయ సంఘం, ఏఏపీపీ. దాన్ని 2000లో థాయిలాండ్ సరిహద్దు ఊరు మే సోట్‌లో పెట్టారు. పెట్టినవాళ్ళు బర్మా జైళ్ళలో మగ్గి బయటపడ్డవాళ్ళు. సైన్యం మీద అంత కసి ఉన్నవాళ్ళు చెప్పే అంకెను ఎలా నమ్మాలి? వాదన కోసం కాదు, నిజంగానే అడుగుతున్నా.

బాలాపూర్ రోడ్డు:
మలక్‌పేట గారూ, నాకు ఇక్కడ జిరాక్స్ షాపు ఉంది. చుట్టుపక్కల బస్తీల్లో బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ముస్లిం కుటుంబాలు ఏళ్ళ తరబడి ఉంటున్నాయి. ఒకాయన ఓ లాంగ్ నోట్‌బుక్ కాపీ తీయించుకోవడానికి వచ్చాడు. అంతా బర్మా లిపే. ఏమిటని అడిగితే వేలు పెట్టి చదివి చెప్పాడు: మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, చనిపోయిన రోజు, ఆ సంగతి చెప్పిందెవరు. ఇద్దరు చెబితేనే రాస్తాడట. మధ్యలో ఒక పేరు కొట్టేసి ఉంది. 2017 ఆగస్టులో చనిపోయాడనుకున్న కుర్రాడు బంగ్లాదేశ్ శిబిరం నుంచి ఫోన్ చేశాడు. ఆ రోజే గీత కొట్టి, పక్కన తేదీ వేశాడు. ఆ గీత చూశాక ఆ పుస్తకంలోని మిగతా పేర్లన్నీ నమ్మాను.

ఏఏపీపీ చేసేదీ అలాంటి పనే. ఉత్తి అంకె కాదు, పేర్లతో జాబితా ఇస్తుంది. అందులో ఒక్కరు బతికి ఉన్నా సైన్యం టీవీలో చూపించి పరువు తీసేది. తాము నిర్ధారించుకున్నవే లెక్కలోకి తీసుకుంటామని, అసలు సంఖ్య ఇంకా ఎక్కువే ఉంటుందని వాళ్ళే చెబుతారు. అలా చూసినా 2025 ఫిబ్రవరి నాటికి 6,000 దాటింది. దేశం లోపల ఉండి ఎవరు రాస్తారండీ? 2022 జూలైలో మాజీ ఎంపీ ఫ్యో జెయా థాతో సహా నలుగురిని ఉరి తీసి, శవాలు కూడా ఇంటికివ్వలేదు. కసి ఉండొచ్చు. కానీ జైలు తలుపు లోపల ఏం జరుగుతుందో చూసి వచ్చినవాడికి తెలిసినంత, హోటల్లో దిగి రెండ్రోజులు తిరిగే విలేకరికి తెలుస్తుందా?

విశాఖ మనవడు (ఇప్పుడు ఉప్పల్):
బాలాపూర్ గారు చెప్పింది బాగుంది కానీ సగమే. ఆ జాబితా ప్రధానంగా సైన్యం, దాని అనుకూల ముఠాల చేతుల్లో పోయినవాళ్ళది. తిరుగుబాటుదార్లు చంపిన మనుషుల సంగతి? మన దగ్గర ఈ గొడవ ఎప్పుడో జరిగింది. ప్రభుత్వ హింసతో పాటు నక్సలైట్ల వంటి ఉద్యమాల హింసనూ నిలదీయాలని పౌరహక్కుల నాయకుడు బాలగోపాల్ పట్టుబట్టారు. పౌరహక్కుల సంఘంలో అదే పేచీ అయ్యి, 1998లో మానవ హక్కుల వేదిక వచ్చింది. నిజనిర్ధారణ అంటే ఇరువైపులా వెళ్ళి అడగడం.

ఇంకో మాట. మా ముత్తాత 1942లో రంగం (బర్మాలోని రంగూన్) నుంచి కాలినడకన వచ్చాడు. దారిలో పోయిన మనవాళ్ళ పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే ఆ జాబితా వద్దని మాత్రం అనను.

బాలాపూర్ రోడ్డు:
మీరన్నది ఒప్పుకుంటాను. రెండో పుస్తకం కూడా ఉండాలి, ఎవరో ఒకరు రాయాలి. అది లేదని మొదటి దాంట్లోని పేర్లు అబద్ధం అయిపోవు కదా. మలక్‌పేట గారూ, అంకె దగ్గర ఆగకుండా జాబితా తెరిచి ఓ పది పేర్లు చదవండి, వయసుతో సహా. తర్వాత మళ్ళీ మాట్లాడుకుందాం.

విశాఖ గారూ, మీ ముత్తాత వెంట నడిచినవాళ్ళ పేర్లు ఇంట్లో పెద్దవాళ్ళకు ఒకటో రెండో గుర్తుండే ఉంటాయి. ఈ ఆదివారం అడిగి, ఎవరు చెప్పారో కూడా రాసుకోండి.