జాతి ద్వేషం ఉన్న ఓటర్ల కోసమే చట్టాలు రాస్తారా? (అమెరికా రాజకీయాలు)

ఎన్నికలపిచ్చి:

సూటిగా అడుగుతున్నా. అమెరికాలో నల్లజాతి వాళ్ళంటే గిట్టని ఓటర్లు కొంతమంది ఉన్నారు, ఇందులో ఎవరికీ పేచీ ఉండదనుకుంటా. వాళ్ళ ఓట్ల కోసం నాయకులు కావాలనే విధానాలు తయారు చేస్తారా లేదా? సభల్లో నోరు జారడం గురించి కాదు నేనడిగేది. చట్టం, బడ్జెట్, ప్రభుత్వ నిబంధన, వీటిని ఆ ఓటర్లను మనసులో పెట్టుకుని రాస్తారా అని.

రాస్తారనే నేనంటాను. పైగా ఇది ఎదుటి పార్టీ వేసిన నింద కాదు, లోపల కూర్చుని పనిచేసినవాళ్ళ నోటి నుంచి వచ్చిందే. రీగన్ వైట్‌హౌస్‌లో పనిచేసిన లీ ఆట్‌వాటర్ అనే రిపబ్లికన్ వ్యూహకర్త 1981లో ఒక ప్రొఫెసర్‌తో మాట్లాడుతూ చెప్పిన దాని సారాంశం ఇది: 1954లో అయితే నల్లవాళ్ళను బూతుమాటతో పిలిచి నెట్టుకొచ్చేయొచ్చు, 1968 వచ్చేసరికి ఆ మాట అంటే మనకే ఎదురు తిరుగుతుంది, అందుకని స్కూలు బస్సుల గురించి, రాష్ట్రాల హక్కుల గురించి మాట్లాడతాం, ఇంకా కొన్నాళ్ళకు పన్నుల కోత అంటాం, పైకి అంతా ఆర్థిక వ్యవహారమే, కానీ దెబ్బ మాత్రం తెల్లవాళ్ళకంటే నల్లవాళ్ళకే ఎక్కువ తగులుతుంది. (స్కూలు బస్సులంటే తెల్ల, నల్ల పిల్లలను కలిపి చదివించడానికి కోర్టులు పెట్టించిన ఏర్పాటు.) ఆ టేపు 2012లో బయటికి వచ్చింది, ఎవరైనా వినొచ్చు.

అంతకుముందు అధ్యక్షుడు నిక్సన్ దగ్గర ముఖ్య అధికారిగా ఉన్న హాల్డెమన్ 1969లో తన డైరీలో ఏం రాసుకున్నాడో చూడండి. సంక్షేమ పథకాల మీద మాటలు నడుస్తుంటే, అసలు సమస్యంతా నల్లవాళ్ళతోనే, ఆ సంగతి గుర్తించే పద్ధతి కావాలి కానీ గుర్తించినట్టు పైకి కనపడకూడదు అని నిక్సన్ అన్నాడట. ఇంకేం సాక్ష్యం కావాలి?

అడ్డుప్రశ్న:

కావాలండీ, చాలా కావాలి. ఆట్‌వాటర్ టేపులో అందరూ ఆ ఒక్క ముక్కే కోసి పంచుకుంటారు, మొత్తం ఎవరూ వినరు. ఆయన వాదన ఏమిటంటే విషయం అంత దూరం జరిగి పన్నుల లెక్కల్లోకి వెళ్ళిపోయిందంటే జాతి అనేది మెల్లగా రాజకీయాల్లోంచి జారిపోతున్నట్టే అని. మీరు ఒప్పుకోకపోవచ్చు, అది మీ ఇష్టం, కానీ నేరం ఒప్పుకున్న వాంగ్మూలంలాగా చూపించడం మాత్రం న్యాయం కాదు.

నిక్సన్ సంగతికొస్తే, డైరీలో ఆ మాట ఉన్న 1969లోనే ఫిలడెల్ఫియా ప్లాన్ తెచ్చింది ఆయన ప్రభుత్వమే. ప్రభుత్వ కాంట్రాక్టు కావాలంటే నల్లజాతి కార్మికులను ఇంతమందిని తీసుకుంటామని లక్ష్యాలు పెట్టుకోవాల్సిందే అన్న పథకం అది. దక్షిణాది రాష్ట్రాల బడుల్లో తెల్ల, నల్ల పిల్లలు కలిసి చదవడం ఎక్కువగా జరిగింది కూడా ఆయన హయాంలోనే. ద్వేషం ఉన్న ఓటర్ల కోసమే విధానాలు రాసేవాడైతే ఇవి ఎందుకు చేస్తాడు?

ఇంకొకటి. అరవైల మొదట్లో ఉన్న హత్యల రేటు డెబ్భైల మధ్యకల్లా రెట్టింపయింది. భయపడి కఠినమైన చట్టాలు కావాలన్న ప్రతివాడూ జాతి ద్వేషి అయిపోతాడా? 1986 మత్తుమందుల చట్టానికి కాంగ్రెస్‌లో ఉన్న నల్లజాతి సభ్యులే చాలామంది మద్దతిచ్చారు, హార్లెమ్ నుంచి గెలిచిన చార్లెస్ రాంగెల్ అయితే ముందు నిలబడి మరీ. వాళ్ళు ఎవరి ద్వేషానికి గాలం వేస్తున్నట్టు?

టీతాగుతూ:

1988 అధ్యక్ష ఎన్నికల్లో వచ్చిన హోర్టన్ యాడ్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మసాచుసెట్స్ జైలు నుంచి వారాంతపు సెలవు మీద వెళ్ళిన హోర్టన్ అనే నల్లజాతి ఖైదీ తిరిగి రాకుండా మేరీలాండ్‌లో ఘోరాలు చేశాడు, అతని ఫొటో టీవీలో వేసి మసాచుసెట్స్ గవర్నరు, డెమొక్రాట్ అభ్యర్థి డుకాకిస్‌ని చితక్కొట్టారు. ఆ సెలవు పద్ధతి మొదలుపెట్టింది 1972లో రిపబ్లికన్ గవర్నరే, యాడ్‌లో ఆ ముక్క ఎందుకు ఉంటుంది లెండి.

అడ్డుప్రశ్న:

అది యాడ్. ఇక్కడ అడిగింది విధానం గురించి. పైగా ఆ యాడ్ వేసింది ఆయన ప్రత్యర్థి బుష్ ప్రచార బృందం కాదు, బయటి సంస్థ. ఇంకో మాట, మొదటి డిగ్రీ హత్య చేసినవాళ్ళకు ఆ సెలవు ఇవ్వకూడదని శాసనసభ బిల్లు పంపితే 1976లో దాన్ని వీటో చేసింది డుకాకిసే. ఓటరు దాన్ని తప్పుపడితే తప్పేముంది?

లాచదువుతున్నా:

మీరిద్దరూ మనసులో ఏముంది అన్న దగ్గరే కొట్టుకుంటున్నారు. నిక్సన్ గుండెలో ఏముందో, డుకాకిస్‌ను ఓడించినవాడి గుండెలో ఏముందో మనకెందుకండీ? కాగితం మీద ఏముందో చూద్దాం. చట్టం ఎలా తయారైందో, ఏ అంశం ఉంచారో, ఏది తీసేశారో, ఎప్పుడు తీసేశారో, అక్కడ దొరుకుతుంది అసలు సంగతి. 1977లో ఆర్లింగ్టన్ హైట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పద్ధతి కూడా దాదాపు ఇదే, ఎవరూ నోరు విప్పి ఒప్పుకోకపోయినా చట్టం పుట్టిన క్రమాన్ని బట్టి ఉద్దేశం తెలుసుకోవచ్చు అని.

నార్త్ కరోలినా తీసుకోండి. ఓటింగ్ నిబంధనలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాల్సిన ప్రాంతాలు కొన్ని ఉండేవి, 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ తీర్పుతో ఆ అడ్డు పోయింది. ఆ మర్నాడే అక్కడి సెనేట్ నాయకుడొకరు ఇక పూర్తి బిల్లుతో ముందుకెళ్తాం అన్నాడు. అప్పటిదాకా ఓటరు గుర్తింపు కార్డు గురించి మాత్రమే ఉన్న చిన్న బిల్లు ఒక్కసారిగా ఉబ్బిపోయింది. ముందస్తు ఓటింగ్ 17 రోజుల నుంచి 10కి తగ్గింది, అదే రోజు పేరు నమోదు చేసుకుని ఓటేసే వీలు పోయింది. అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే శాసనసభ వాళ్ళు ఏ జాతి వాళ్ళు ఏ పద్ధతిలో ఓటేస్తున్నారో లెక్కలు అడిగి తెప్పించుకున్నారు. ఆ లెక్కలు చేతికి వచ్చాక, నల్లజాతి వాళ్ళు ఎక్కువగా వాడే పద్ధతులే ఒక్కొక్కటిగా కత్తెరలో పడ్డాయి. 2016లో అప్పీలు కోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తూ, ఇది దాదాపు శస్త్రచికిత్స చేసినంత కచ్చితంగా నల్లజాతి వాళ్ళను గురిపెట్టింది అని రాసింది. ఏ లెక్కలూ తెప్పించుకోకుండా ఇది జరిగి ఉంటే, సరే యాదృచ్ఛికం అని నేనూ అనేదాన్నేమో.

అడ్డుప్రశ్న:

బాగా చెప్పారు, కానీ మీ ఉదాహరణ మీకే అడ్డం తిరిగింది చూడండి. ఆ తీర్పులోనే ఉంది, అక్కడ నల్లజాతి ఓటర్లు డెమొక్రాట్లకు వేస్తారు కాబట్టి అలా చేశారని, జడ్జిలు అక్కడ ద్వేషం ఉందని కూడా అనలేదు. అంటే వాళ్ళకు కావాల్సింది సీట్లు. ఎదుటివాడి ఓట్లు తగ్గించడం ఒకటి, జాతి ద్వేషం ఉన్న ఓటర్లను మురిపించడం ఇంకొకటి. మొదటిది దుర్మార్గమే, నేను వెనకేసుకు రావట్లేదు. కానీ ఇక్కడ ప్రశ్న రెండోదాని గురించి కదా.

లాచదువుతున్నా:

తేడా నిజమే, ఒప్పుకుంటా, సీట్ల కోసమే చేసినా ఉద్దేశపూర్వక వివక్షే అవుతుందని కూడా ఆ తీర్పే అందనుకోండి. కానీ ఆ తేడాను పట్టుకుని లాయర్లు ఎంత హాయిగా ఉంటారో తెలుసా? జాతిని చూసి కాదు, పార్టీని చూసి చేశాం అంటే చాలు. నియోజకవర్గాల గీతలు పార్టీ కోసం అడ్డదిడ్డంగా గీస్తే అది ఫెడరల్ కోర్టులు తేల్చే విషయం కాదని 2019లో సుప్రీంకోర్టు చేతులు దులిపేసుకుంది.

ఎన్నికలపిచ్చి:

మురిపించడానికి ఉదాహరణే కదా కావాలి, ఇదిగో. 1968 గృహ వివక్ష నిరోధక చట్టం ఉంది. దాని కింద 2015లో ఒబామా ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది, ఫెడరల్ నిధులు తీసుకునే ఊళ్ళు తమ దగ్గర నివాసాలు జాతులవారీగా ఎలా విడిపోయి ఉన్నాయో పరిశీలించి, తగ్గించే ప్రణాళిక చూపించాలని. దాని అమలును ట్రంప్ ప్రభుత్వం 2018లోనే ఆపేసింది, అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మరి పూర్తిగా రద్దు చేసింది ఎప్పుడు? 2020 జులైలో, ఎన్నికలు మూడు నెలల్లో ఉన్నాయనగా. రద్దు చేసి ఊరుకున్నాడా? శివార్లలో కలల జీవితం గడుపుతున్న మీ అందరికీ సంతోషంగా చెప్తున్నా, ఇక మీ పక్కన పేదల ఇళ్ళు కట్టి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం, నష్టపరచడం ఉండదు అని ట్వీట్ వేశాడు. విధానం, ఓటరు, పిలుపు మూడూ ఒక్కచోటే దొరికాయి. నల్లజాతి అన్న మాట ఎక్కడైనా ఉందా? లేదు. కానీ అమెరికా శివార్ల చరిత్ర తెలిసినవాడికి ఆ పక్కింట్లోకి ఎవరు వస్తారని భయపెడుతున్నాడో విడమరిచి చెప్పాలా?

అడ్డుప్రశ్న:

ఇంటి ధర పడిపోతుందన్న భయం జాతితో సంబంధం లేకుండా ఉంటుంది. డెమొక్రాట్లకు కంచుకోటలాంటి కాలిఫోర్నియాలో చూడండి, మా వీధిలో అపార్ట్‌మెంట్లు వద్దు అని వాళ్ళు చేసే గొడవ ఇంతా అంతా కాదు. పైగా ఆ పిలుపు ఫలించనూ లేదు, 2020లో చాలాచోట్ల శివార్లే ఆయనకు దూరమయ్యాయి.

ఎన్నికలపిచ్చి:

గాలం వేసినప్పుడు చేప పడలేదంటే గాలం వేయనట్టా?

పాతపేపర్లు:

చాలాసేపటి నుంచి చదువుతున్నా. అమెరికా ఒక్కటే పట్టుకుంటే రిపబ్లికన్, డెమొక్రాట్ గొడవ దగ్గరే తిరుగుతాం, కాబట్టి బ్రిటన్ సంగతి ఒకటి చెప్తా, అది మన భారత సంతతి వాళ్ళకు సంబంధించిందే. 1967, 68లలో కెన్యాలో స్థిరపడిన ఆసియా కుటుంబాల మీద ఒత్తిడి పెరిగింది, వాళ్ళలో చాలామంది చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టులు ఉన్నాయి. వాళ్ళు బ్రిటన్‌కు రావడం మొదలవగానే అక్కడ గగ్గోలు. అప్పుడు అధికారంలో ఉన్నది లేబర్ పార్టీ, వామపక్షం, జాతి వివక్షకు వ్యతిరేకంగా చట్టం తెచ్చిన పార్టీ. హోంమంత్రి కాలహాన్. మూడు రోజుల్లో పార్లమెంటులో కొత్త చట్టం పాస్ చేయించారు. నువ్వుగానీ, నీ తల్లిదండ్రుల్లో తాతబామ్మల్లో ఒకరుగానీ బ్రిటన్‌లో పుట్టి ఉండాలి, లేదా అక్కడ పౌరసత్వం పొంది ఉండాలి, లేకపోతే ఆ పాస్‌పోర్టు ఉన్నా వచ్చే హక్కు లేదు. చట్టంలో ఎక్కడా చర్మం రంగు ప్రస్తావన లేదు. కెన్యాలో ఉన్న తెల్లవాడికి ఇంగ్లండులో పుట్టిన తాత దాదాపు ఎప్పుడూ ఉంటాడు, గుజరాతీ వ్యాపారికి ఎక్కడి నుంచి వస్తాడు? 1973లో యూరోపియన్ మానవ హక్కుల కమిషన్ ఆ ఆసియా వాసుల ఫిర్యాదులు విచారించి, ఇది జాతి వివక్షే, మనిషిని అవమానించడమే అని తేల్చింది.

ఈ ఉదాహరణ ఎందుకు తెచ్చానంటే, కాలహాన్‌కు ఆసియా వాళ్ళంటే ద్వేషం ఉందా లేదా అన్నది ఇక్కడ అక్కర్లేదు. తన పార్టీకి ఓటేసే శ్రామికవర్గంలో ఆ కోపం ఉందని ఆయన ప్రభుత్వానికి తెలుసు. 1964లోనే స్మెథిక్ నియోజకవర్గంలో వలస వచ్చినవాళ్ళ మీద చేసిన అలాంటి ప్రచారానికి లేబర్ ఒక సీటు పోగొట్టుకుంది, ఆ భయం పార్టీని వదల్లేదు. ద్వేషం లేనివాడు కూడా ద్వేషం ఉన్నవాడి ఓటు కోసం చట్టం రాయగలడు, అమెరికా చర్చలో ఇదే కనపడకుండా పోతోంది. పోనీ ఆ చట్టంతో ఆ ఓటర్లు చల్లబడ్డారా అంటే అదీ లేదు, అది అమల్లోకి వచ్చి రెండు నెలలు కూడా కాకముందే ఏప్రిల్ 20న కన్జర్వేటివ్ నాయకుడు ఈనాక్ పావెల్ బర్మింగ్‌హామ్‌లో వలసలకు వ్యతిరేకంగా తన రక్తపు నదుల ప్రసంగం చేశాడు. వేలాదిగా అభినందన ఉత్తరాలు.

టీతాగుతూ:

ఇది నాకు తెలియదు. మరి క్లింటన్‌ని కూడా ఈ లెక్కలోనే వేయాలా? 1992లో ప్రచారం ఆపి మరీ తను గవర్నరుగా ఉన్న అర్కాన్సా వెళ్ళాడు, మెదడు దెబ్బతిన్న ఒక నల్లజాతి ఖైదీ ఉరిశిక్ష అమలు చూసుకోవడానికి. ఉరి కాదు, ఇంజెక్షన్ అనుకోండి.

పాతపేపర్లు:

వేయాల్సిందే. ఇంజెక్షనే. నేరాల విషయంలో మెతక అన్న ముద్ర డుకాకిస్‌ని ఎలా ముంచిందో చూశాక ఏ డెమొక్రాట్ కూడా దాన్ని మళ్ళీ తగిలించుకోదలచుకోలేదు. 1994 క్రైమ్ బిల్లు ఆ వాతావరణంలోంచే వచ్చింది. దాని వల్ల జనాన్ని పెద్దఎత్తున జైళ్ళలో పెట్టే సమస్య ముదిరిందని 2015లో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ సభలో క్లింటనే ఒప్పుకున్నాడు.

అడ్డుప్రశ్న:

పాతపేపర్లు గారి మాట మిగతా అందరికంటే నాకు నచ్చింది, ఎందుకంటే ఒక్క పార్టీని తిట్టలేదు. కానీ అలా వెళ్తే ఏ విధానమైనా ఈ బుట్టలో పడేస్తారు. సరిహద్దు కాపలా, పోలీసు బడ్జెట్, సంక్షేమంలో కోత, ఏది తీసుకున్నా దానికి మద్దతిచ్చేవాళ్ళలో కొందరు ద్వేషులు ఉంటారు. ఒబామాకు రెండుసార్లు వేసి 2016లో ట్రంప్‌కు వేసినవాళ్ళు లక్షల్లో ఉన్నారు, వాళ్ళని ఏమంటారు?

లాచదువుతున్నా:

ఏమీ అననక్కర్లేదండీ. నేను ఓటరును బోనులో నిలబెట్టట్లేదు, చట్టం రాసినవాడిని నిలబెడుతున్నా. నా పరీక్ష ఒకటే, ఆ కోపం ఉన్న ఓటర్లు అసలు లేరనుకోండి, అప్పుడు కూడా చట్టం ఇలాగే ఉండేదా? సరిహద్దు కాపలా ఉండేది. కెన్యా వాళ్ళకు పెట్టిన తాతబామ్మల షరతు ఉండేది కాదు.

ఎన్నికలపిచ్చి:

ఇంకో సాక్ష్యం. 2005లో రిపబ్లికన్ జాతీయ కమిటీ ఛైర్మన్ కెన్ మెల్‌మన్ అదే ఎన్‌ఏఏసీపీ సభకు వెళ్ళి, మా వాళ్ళలో కొందరు జాతుల మధ్య చీలిక నుంచి రాజకీయ లాభం పొందాలని చూశారు, మాది తప్పే అని చెప్పాడు. చేయని పనికి పార్టీ ఛైర్మన్ ఎందుకు క్షమాపణ చెప్తాడు అడ్డుప్రశ్న గారూ?

అడ్డుప్రశ్న:

లాభం పొందాలని చూశారన్నాడు, చట్టాలు రాశారనలేదు. ఏ చట్టమో పేరు పెట్టి చెప్పి ఉంటే నేనే మీ పక్కకు వచ్చేవాడిని.

లాచదువుతున్నా:

నార్త్ కరోలినా తీర్పులో పేరు పెట్టే చెప్పారండీ. ఆ ఓటింగ్ చట్టమే, సెషన్ లా 2013-381.