నాన్న ఎప్పుడొస్తాడని అడిగే బిడ్డకు ఏమని చెప్పాలి?

నా భర్త మమ్మల్ని విడిచి వెళ్లి 3 ఏళ్లు కావస్తోంది. విడాకులు లేవు, కబురు లేదు, ఫోను నంబరు కూడా మార్చేశాడు. పాపకు 7, బాబుకు 4. పగలు ఉద్యోగం, రాత్రి కుట్టుపని. అలసట అలవాటైపోయింది, నా ప్రశ్న దాని గురించి కాదు.

మొన్న బడి ఫారం నింపుతుంటే పాప పక్కనే కూర్చుంది. తండ్రి సంతకం గడి దగ్గర నా పెన్ను ఆగిపోయింది. "అది వదిలెయ్యమ్మా, నాన్న వచ్చాక పెడతాడు" అంది. పని మీద వెళ్లాడని నేనెప్పుడో చెప్పిన అబద్ధాన్ని ఇన్నాళ్లూ అంత భద్రంగా దాచుకుంది! బాబుకైతే అతని ముఖమే గుర్తులేదు.

పిల్లలను ఒంటరిగా పెంచినవారిని అడుగుతున్నాను: ఆ వయసు బిడ్డకు నిజం ఎంతవరకు చెప్పారు? తండ్రిని తిట్టకుండా, తప్పు తనదేనని బిడ్డ అనుకోకుండా, ఏ మాటలతో మొదలుపెట్టారు?

ఇంకొకటి. మనోవర్తి కోసం కోర్టుకు వెళ్దామంటే అతని చిరునామా తెలియదు. పాత జీతం చీటీలు మాత్రం ఉన్నాయి. ఆచూకీ లేని మనిషి మీద కేసు వేసినవారెవరైనా ఉన్నారా? నోటీసు ఎలా అందించారు? "ఓపిక పట్టు, వస్తాడు" అనే సలహా మాత్రం దయచేసి వద్దు. అది మావాళ్లే రోజూ చెబుతున్నారు.