సొవెటో పిల్లలు ఏం అడిగారు? మాతృభాషా మాధ్యమం మీద చర్చ

వెన్నెల_ఎంఏ:
తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా అన్న గొడవ వచ్చినప్పుడల్లా మనవాళ్లలో ఎవరో ఒకరు దక్షిణాఫ్రికాలో నల్లజాతివాళ్లు ఉండే సొవెటో పేరెత్తుతారు. "పరాయి భాష రుద్దితే అక్కడి పిల్లలు ప్రాణాలిచ్చారు, మాతృభాష అంటే అదీ" అంటారు. ఈ సెమిస్టర్‌లో మా ఎం.ఏ. ఎడ్యుకేషన్ క్లాసులో దక్షిణాఫ్రికా చదువుల చరిత్ర చదివాక, ఆ మాట నిలబడదని నాకు గట్టిగా అనిపించింది. మీరంతా ఏమంటారో చెప్పండి.

1953లో అక్కడ బంటూ ఎడ్యుకేషన్ చట్టం వచ్చింది. నల్లజాతి పిల్లల బడులు మిషనరీల చేతుల్లోంచి ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లాయి. ఆ చట్టం తెచ్చిన మంత్రి హెండ్రిక్ వెర్వోర్డ్. కొన్ని రకాల కూలి పనులకు మించి తెల్లవాళ్ల సమాజంలో నల్లవాళ్లకు చోటు లేదని 1954లో సెనేట్‌లోనే చెప్పాడు. అలాంటి మనిషి నడిపిన శాఖే ఎనిమిదేళ్ల ప్రాథమిక చదువు మొత్తం జూలూ, ఖోసా, సోతో వంటి ఇంటి భాషల్లో చెప్పించింది. ఆ భాషల్లో పై చదువు లేదు. ఆఫీసులో, కోర్టులో, ఫ్యాక్టరీలో వాటితో పని లేదు. పిల్లలు ఎక్కడ ఆగిపోవాలో ముందే నిర్ణయించి, అక్కడిదాకా మాత్రమే మాతృభాష ఇచ్చారు.

1974లో ఇంకో ఉత్తర్వు వచ్చింది. పై తరగతుల్లో లెక్కలు, సోషల్ ఆఫ్రికాన్స్‌లో, అంటే పాలించే తెల్లవాళ్ల భాషలో చెప్పాలని. చాలామంది టీచర్లకే ఆ భాష సరిగా రాదు. 1976 జూన్ 16న సొవెటో విద్యార్థులు వేలమంది ఊరేగింపు తీశారు, పోలీసులు కాల్చారు. హెక్టర్ పీటర్సన్ అనే చిన్న పిల్లవాణ్ణి మోసుకెళ్తున్న ఫొటో లోకమంతా చూసింది. చివరికి చచ్చిపోయినవాళ్లు సాధారణంగా చెప్పే లెక్క ప్రకారమే 176 మంది. అసలు సంఖ్య ఇంకా ఎక్కువని చాలామంది అంటారు. ఆ పిల్లలు "మా జూలూ మాకు కావాలి" అని అడగలేదు. ఆఫ్రికాన్స్ వద్దన్నారు. తర్వాత మాధ్యమం ఎంచుకునే వీలు దొరికితే ఎక్కువ బడులు ఇంగ్లీషే తీసుకున్నాయి.

అదే దేశంలో ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లపిల్లవాడు ఒకటో తరగతి నుంచి యూనివర్సిటీ దాకా ఇంటి భాషలోనే చదివి ఇంజినీరు అయ్యాడు, జడ్జి అయ్యాడు. 1975-76లో ఒక్కో తెల్ల విద్యార్థి మీద ప్రభుత్వం 644 రాండ్లు (అక్కడి డబ్బు) ఖర్చు పెడితే, నల్ల విద్యార్థి మీద 42. నీ భాష కావాలా, నీ బతుకు కావాలా అని తెల్లపిల్లలను ఎవరూ నిలదీయలేదు. నల్లపిల్లలకు ఆ ప్రశ్న తప్పలేదు. నాకు అసమానత అక్కడ కనిపిస్తోంది. పేదపిల్లలకు తెలుగు మీడియం కావాలని వాదించేవాళ్లు దీనికి ఏం చెబుతారు?

బడిపంతులు_సీతంపేట:
బాగా రాశావమ్మా. కానీ కథ 1976లో ఆపేశావు. ఇంగ్లీషు ఎంచుకున్నాక ఏమైందో కూడా చూడాలి. ఈమధ్య దాకా కూడా అక్కడ ఎక్కువమంది నల్లపిల్లలు మూడో తరగతి దాకా ఇంటి భాషలో చదివి నాలుగులో ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారేవాళ్లు. చదివే సామర్థ్యాన్ని కొలిచే 2021 పిర్ల్స్ అంతర్జాతీయ పరీక్షలో అక్కడి నాలుగో తరగతి పిల్లల్లో 81 శాతం మంది చదివింది అర్థం చేసుకోలేకపోయారు. అర్థం కాని భాషలో పాఠం బట్టీ పట్టడమే అవుతుంది.

మా ఏజెన్సీలో సవర పిల్లలకు తెలుగే పరాయి భాష. ఒకటో తరగతిలో నేను తెలుగులో ప్రశ్న అడిగితే తలొంచుకుని కూర్చుంటారు. అదే ప్రశ్న సవరలో అడిగితే నలుగురు ఒకేసారి లేస్తారు. గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాచకాలు రాసి, బడి పెట్టి చెప్పించారు. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, ఆ సవర పని మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

కృష్ణలంక_అక్క:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. తెలుగు మీడియం కావాలని సభల్లో మాట్లాడేవాళ్లలో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో ఉన్నారు? మా అమ్మ ఇళ్లల్లో పనిచేసి నన్ను చదివించింది. డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంటర్వ్యూలో సబ్జెక్టు వచ్చినా నోరు తెరవలేకపోయా. అంబేడ్కర్ గారు ఇంగ్లీషులో చదవకపోతే, ఇంగ్లీషులో రాయకపోతే ఎవరు విని ఉండేవాళ్లు? 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి నుంచి ఆరు దాకా ఇంగ్లీషు మీడియం జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత తల్లిదండ్రులను అడిగితే 96 శాతానికి పైగా ఇంగ్లీషే కావాలన్నారని ప్రభుత్వం చెప్పింది. ఇంతమంది అమ్మానాన్నలకు పిల్లల మంచి తెలియదా? వెన్నెలా, వెర్వోర్డ్ సంగతి చెప్పి మంచి పని చేశావు. కింది కులాల వాళ్లకు ఆ భయం ఊరికే రాలేదు.

డర్బన్_తెలుగు:
నేను డర్బన్‌లో ఉద్యోగం చేస్తున్నా. ఇక్కడ తెలుగు పేర్లున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. 1860 నుంచి చెరకు తోటల్లో కూలికి మద్రాసు ఓడల్లో వచ్చినవాళ్ల సంతతి. 1931లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఈ దేశ రాజ్యాంగంలో ఆరో సెక్షన్ గౌరవించి ప్రోత్సహించాలన్న భాషల్లో తెలుగు కూడా ఉంది. అయినా ఇప్పుడు ఆ ఇళ్లల్లో మాట్లాడేది ఇంగ్లీషే. పాటలు, పూజలు మిగిలాయి. వాళ్లను తప్పుపట్టను. బడి, పని రెండూ ఇంగ్లీషులో ఉన్నప్పుడు ఇంకేం చేస్తారు?

ఇంకో విషయం. భాషను గేటులా వాడుకోవడం ఇక్కడ ఇంకా పోలేదు. ఎర్మెలో అనే ఊళ్లో ఒక ఆఫ్రికాన్స్ హైస్కూల్లో గదులు ఖాళీగా ఉన్నా, ఇంగ్లీషులో చదవాల్సిన నల్లపిల్లలకు చోటివ్వడానికి ఒప్పుకోలేదు. అది రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. భాష నిర్ణయించే అధికారం బడి కమిటీకి ఉన్నా, చుట్టుపక్కల పిల్లల అవసరం చూడాల్సిందేనని 2009లో తీర్పొచ్చింది. బడుల చట్టాలను సవరిస్తూ 2024లో తెచ్చిన బేలా చట్టం మీద కూడా ఇదే తగువు. మా భాషను చంపుతున్నారని ఆఫ్రికానర్లు, అంటే ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లవాళ్లు అంటారు. భాష పేరుతో తలుపు మూశారని నల్లవాళ్లు అంటారు.

వెన్నెల_ఎంఏ:
మాస్టారూ, మీరు చెప్పిన 81 శాతంలో ఒక చిక్కుంది. ఆ పరీక్ష ఇంగ్లీషులో మాత్రమే పెట్టలేదు. పిల్లలు మూడో తరగతి దాకా చదివిన భాషలోనే పెట్టారు. అంటే జూలూలో చదివినవాళ్లు జూలూలోనే తప్పారు. పుస్తకాలు లేని, ఒక్కో గదిలో పిల్లలను కుక్కేసిన బడిలో ఇంటి భాష ఉన్నంత మాత్రాన చదువు రాదని నేను దాన్నుంచి అర్థం చేసుకున్నా. మీ సవర పిల్లల సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా. మాటే తెలియకుండా అక్షరం నేర్పడం కుదరదు.

అక్కా, మీ కోపం న్యాయమైనది. నా భయం వేరు. బోర్డు మీద ఇంగ్లీషు మీడియం అని రాసి, ఇంగ్లీషు బాగా వచ్చిన టీచర్‌ను ఇవ్వకపోతే, 1974లో ఆఫ్రికాన్స్ రాని టీచర్‌తో ఆఫ్రికాన్స్ చెప్పించినట్టే ఉంటుంది. అప్పుడు మన పిల్లలకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు.

బడిపంతులు_సీతంపేట:
పరీక్ష సంగతి సరే, ఒప్పుకుంటా. మరి నువ్వేం చేయమంటావు?

వెన్నెల_ఎంఏ:
ఈస్టర్న్ కేప్‌లోని కోఫిమ్వాబా ప్రాంతంలో 2012 నుంచి మూడో తరగతి దాటాక కూడా లెక్కలు, సైన్స్ ఖోసాలో చెబుతున్నారు. ఇంగ్లీషు పక్కనే నడుస్తుంది. మన దగ్గర కూడా ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ ఇచ్చారు. ఆ పుస్తకాన్ని పదో తరగతి దాకా నిజంగా రెండు భాషల్లో చెప్పాలి. పరీక్షలో ఏ ప్రశ్నకు ఏ భాషలో రాసినా మార్కులు ఇవ్వాలి. మీ బడికి సవర మాట్లాడే టీచర్‌ను వేయాలి. మొదటి మూడేళ్లు సవర, దాని పక్కనే తెలుగు మాటలు, తర్వాత ఇంగ్లీషు. అక్క అడిగిన ఇంగ్లీషు ఒకటో తరగతి నుంచే ఒక సబ్జెక్టుగా ఉండాలి, మంచి టీచర్‌తో. ఖర్చవుతుంది, నిజమే. నల్లపిల్లకు 42 రాండ్లు చాలన్న ప్రభుత్వానికి కూడా ఖర్చే అడ్డమొచ్చింది.

కృష్ణలంక_అక్క:
మంచి టీచర్ అన్న మాట జీవోలో ఉంటే నేనూ ఒప్పుకుంటా. మా వార్డు బడిలో ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లున్నారు. ముందు దాని సంగతి తేల్చమనండి.